పాటైపోయిన హెచ్చరిక

"కట్ట తెగునమ్మా, నీలికట్ట తెగునమ్మా!
పట్టుచీరల వీధిలోన పడవలాడునమ్మా!"

తెల్లవారేసరికి సేతుపురి నగరమంతా ఈ పాటే. పాలమ్మే ఆడవాళ్ళు పాడుతున్నారు. గుర్రాలు కడిగే భటులు పాడుతున్నారు. పెళ్ళికూతురికి నలుగు పెట్టే ముత్తైదువలు ఒకరి భుజం ఒకరు తట్టుకుంటూ పాడుతున్నారు. కోలాటం కర్రలు ఖణేల్ ఖణేల్ మంటున్నాయి. ఆ ఆనందం చూస్తే అది ఏ వసంతోత్సవపు పాటో అనుకోవలసిందే తప్ప, నగరం మునిగిపోతుందని చెప్పిన దైవవాక్కు అని ఎవరికీ తోచదు.

కోటగుమ్మం దగ్గర మద్దెల మెడకు తగిలించుకుని నిలబడిన యువకుడికి మాత్రం ఒళ్ళు జలదరించింది. గళ్ళపంచె, చెవిలో గన్నేరుపువ్వు, మెడలో పూసలదండ. చూడటానికి ఊరూరా తిరిగే వాద్యగాడే. నిజానికి అతడు కుంకుమగిరి యువరాజు అరుణకేతుడు. కుంకుమగిరికీ సేతుపురికీ మూడు తరాల పగ. అతడెవరో తెలిస్తే కోటగుమ్మం మీదే తల వేలాడుతుంది. అయినా వచ్చాడు. పదిరోజుల క్రితం సముద్రంలో అతడి ఓడ పగిలినప్పుడు, చేపల వలవేసి అతణ్ణి ఒడ్డుకు లాగి, మూడురోజులు గంజి పోసి బతికించిన ముసలమ్మ ప్రాణం ఈరోజు పొద్దుగుంకే వేళకు పోబోతోంది.

ఆమె పేరు తిర్సవ్వ. పడమటి సముద్రం అవతల హెబ్రీయుల కొండనగరం తగలబడిపోయినప్పుడు, ఓడలెక్కి పారిపోయి వచ్చిన కుటుంబాల సంతతి. సేతుపురి రేవులో తెరచాపలు కుట్టుకుని బతుకుతుంది. నలభై రోజుల కిందట ఆమెకు దైవవాక్కు వచ్చింది. తిన్నగా రాజసభకు వెళ్ళి చెప్పేసింది.

ఆ వాక్కులో సంగతి ఇది. సేతుపురిని మూడువైపులా కొండలు కాస్తున్నాయి. నాలుగోవైపు ఐదు తాటిచెట్ల ఎత్తున రాతికట్ట. కట్ట వెనక నీలాంబుధి అనే మహా తటాకం. సేతుపురి రాజు రాగవర్ధనుడికి సంగీతమంటే ప్రాణం. నూరేళ్ళు నీళ్ళలో నానిన రాయి మీటితే మధురంగా పలుకుతుందని ఆస్థాన మాంత్రికుడు మధుజిహ్వుడు ఆయన చెవిలో ఊదాడు. ఇంకేం! రాజు కట్ట అడుగు వరస నుంచి నూటెనిమిది రాళ్ళు ఊడబెరికించి, ఆ బొరియల్లో మట్టి కూరి పైన సున్నం పూయించాడు. ఆ రాళ్ళతో నాదమండపం లేచింది. ఈ పని తప్పని మొరపెట్టిన రాతిపనివాళ్ళను చెరసాల కొట్టులో పెట్టించాడు. "తీసిన రాళ్ళు తిరిగి పెట్టండి, కొట్టులో మూసిన మనుషుల్ని విడిచిపెట్టండి, లేదంటే నలభయ్యో రోజు పొద్దుగుంకేలోగా కట్ట తెగుతుంది" అని తిర్సవ్వ చెప్పింది.

సేతుపురిలో ఒక ఆచారముంది. సభలో ఎవరు ఏం చెప్పినా ఆస్థాన గాయకులు దాన్ని పాటకట్టి తాటాకుల మీద ఎక్కించాలి. ఆ తర్వాత ప్రమాణమంటే ఆ తాటాకే. తిర్సవ్వ మాటనూ అలాగే పాటకట్టారు. పాట అద్భుతంగా కుదిరింది! రాజు ఉప్పొంగి ఆమెకు శాలువా కప్పాడు. జనం ఆమె కనబడితే "పాటలవ్వా, దణ్ణం!" అంటున్నారు. మాట మాత్రం ఒక్కరి చెవికీ ఎక్కలేదు. చెప్పినవాళ్ళను తిట్టి తరిమేసిన ఊళ్ళ గురించి విన్నాం గానీ, సన్మానం చేసి మరిచిపోయిన ఊరు ఇదొక్కటేనేమో!

మధుజిహ్వుడు ఊరుకోలేదు. "ప్రభూ, మీ తాతగారి శాసనం ఉంది. చెప్పింది చెప్పిన గడువులో జరగకపోతే, చెప్పినవాణ్ణి చీకటిబావిలోకి తోసెయ్యాలి" అని గుర్తుచేశాడు. కట్ట తెగితే ఊరు పోతుంది. తెగకపోతే తిర్సవ్వ పోతుంది. తెగడమే మధుజిహ్వుడికి కావాలి. నీళ్ళు పోయిన నీలాంబుధి అడుగున దొరికే అగ్నిమణి మీద అతడి కన్ను ఉంది.

కోటగుమ్మానికి రాకముందే, చీకటితోనే, అరుణకేతుడు రేవులోని గుడిసె దగ్గర తిర్సవ్వను కలిశాడు. ఆమె తెరచాపకు అతుకు వేస్తూ కూర్చుంది.

"అవ్వా, పారిపోదాం పద. పడవ సిద్ధంగా ఉంది."

"ఎక్కడికి బాబూ? పారిపోవడం మావాళ్ళకి బాగా అలవాటే. ఇంక చాలు."

"దేవుడు చెప్పిన మాట జరిగి తీరుతుంది కదా! మరి ఉండి మాత్రం ఏం చేస్తావు?"

ముసలమ్మ దారం పళ్ళతో తెంపింది. "జరిగి తీరాలనే ఉంటే ఆయన నాకు చెప్పడమెందుకు? చెప్పకుండానే తెంపేవాడుగా! పాకే బిడ్డ పొయ్యి దగ్గరకి పోతుంటే తల్లి 'కాలుద్ది' అని కేకేస్తుంది. బిడ్డ ఆగిపోయింది, కాలలేదు. మరి తల్లి అబద్ధమాడినట్టా?"

అరుణకేతుడు ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"మా ముత్తాతల ఊళ్ళో ఓ రాజు ఉండేవాడంట. దైవవాక్కు రాసిన కాగితపు చుట్ట చదివి వినిపిస్తుంటే, చలికి కుంపటి ముందు కూచుని, చదివిన ముక్క చదివినట్టే చాకుతో కోసి కుంపట్లో పడేశాడంట. కాగితం కాలిపోయింది, కబురు మిగిలింది. ఆనక ఊరే కుంపటైపోయింది. కొండమీద నిలబడి వెనక్కి చూస్తే మావాళ్ళకి పొగ తప్ప ఏమీ కనబళ్ళేదు." ఆమె కళ్ళు తుడుచుకుని, అంతలోనే నవ్వింది. "ఈళ్ళు కాల్చలేదు బాబూ, పాడుకుంటున్నారు. పాడే నోళ్ళ మీద నాకింకా ఆశుంది. నా మాట అబద్ధమైపోతే బావిలో దూకడానికి నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని సిద్ధంగా ఉన్నా. నువ్వు మద్దెల వాయిస్తానన్నావుగా, ఏదైనా ఉపాయం చెయ్యి!"

అలా ఒక ఉపాయం ఆలోచించుకునే అరుణకేతుడు కోటగుమ్మం దాటాడు.

నాదమండపం చూసి అతడు క్షణం నిలబడిపోయాడు. నూటెనిమిది నల్లరాతి స్తంభాలు, ఒక్కొక్కటీ నూనె పూసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఒకటి మీటితే వీణ, ఒకటి మీటితే శంఖం, మరొకటి మీటితే చిరుగజ్జెలు. పైకప్పు నుంచి నాలుగువందల బంగారు పంజరాలు వేలాడుతున్నాయి. ప్రతి పంజరంలో ఒక గోరువంక. అవి మధుజిహ్వుడి శిష్యులు. రాజు ఏది అడిగినా ఏకకంఠంతో ఒకటే పలుకుతాయి.

"కట్ట ఎలా ఉంది?" అన్నాడు రాగవర్ధన మహారాజు, అరచేతిలో జీడిపప్పు ఆడిస్తూ.

"క్షేమం! క్షేమం!" అన్నాయి నాలుగువందల గోరువంకలు.

"చూశావా మద్దెలవాడా? ఎంత శ్రుతిలో చెప్పాయో! ఊఁ, కానీ. నీ చేతివాటం చూద్దాం."

అరుణకేతుడు వాయించాడు. ముందు చినుకుల్లా, తర్వాత గుర్రపు డెక్కల్లా, ఆ తర్వాత కొండచరియ విరిగిపడినట్టు. స్తంభాలు వాటంతటవే మోగడం మొదలుపెట్టాయి. మహారాజు బొజ్జ తాళం వేసింది. మంత్రులు తలపాగాలు ఊగేలా ఊగారు. ముక్తాయింపు పడగానే రాజు సింహాసనం మీంచి ఒక్క గెంతు గెంతాడు.

"అబ్బబ్బా! ఏం కావాలో కోరుకోవయ్యా!"

"మహారాజా, మీ 'కట్ట తెగునమ్మా' పాట చక్కటిదే. అయితే దాని అసలు నడక మీ ఊళ్ళో ఎవరికీ తెలియదు. మా వైపు ఇలాంటి పాటను రాళ్ళు మోస్తూ ఆడతారు. భుజం మీద బరువుంటేనే ఆ గతి వస్తుంది. ఈ స్తంభాలను మోసుకుంటూ కట్టదాకా ఊరేగింపుగా ఆడిస్తే, అటువంటి నాట్యం ఇంద్రసభలో కూడా ఉండదు!"

మధుజిహ్వుడు ఉలిక్కిపడి లేచాడు. "ప్రభూ! మండపం కూలుతుంది! వీడెవడో..."

"ఉండవయ్యా! సాయంత్రానికి మళ్ళీ నిలబెడదాం. బరువు మీద గతి! నాకెందుకు తట్టలేదు!" అన్నాడు రాజు, అప్పుడే భుజాలు ఎగరేస్తూ.

"ఇంకొక్కటి ప్రభూ. స్తంభాన్ని ఎత్తే తాళం రాతిపనివాళ్ళకే వచ్చు. వాళ్ళను విడిచిపెట్టాలి."

"విడవండి! అందరినీ విడవండి! అన్నం పెట్టి మరీ తీసుకురండి!"

అలా, దైవవాక్కు చెప్పిన రెండు పనులూ సంగీతం పిచ్చి మీద మొదలైపోయాయి. చెవిలోంచి వెళ్ళని మాట కాళ్ళలోంచి వెళ్ళిందన్నమాట!

మధ్యాహ్నానికి నగరమంతా వీధుల్లో ఉంది. కొట్టులోంచి వచ్చిన రాతిపనివాళ్ళ పెద్ద కోనప్ప, గడ్డం నిమురుకుంటూ మోకులు బిగించాడు. "ఏరా అబ్బాయిలూ, ఏడాదైంది రాయి ముట్టి! చేతులు మరిచిపోయాయా?" "చేతులు కాదు మావా, పొట్టే మరిచిపోయింది!" అని నవ్వులు. ఒక్కో స్తంభానికి ఇరవైమంది. ముందు మద్దెల. "హైసా!" అని కోనప్ప, "కట్ట తెగునమ్మా!" అని జనం. పట్టుచీరల వీధి దాటారు, గాజుల వీధి దాటారు. పై మేడల నుంచి ఆడపిల్లలు రాళ్ళ మీద పూలు చల్లారు. అవ్వ ముందు వరసలో, కప్పిన శాలువా నడుముకు బిగించి, చేతులు తిప్పుతూ నడిచింది.

కట్ట అడుగుకు చేరేసరికి పాట తడబడింది.

సున్నం పెచ్చులు ఊడి పడుతున్నాయి. ఒక బొరియలోంచి చెయ్యి మందాన నీళ్ళు చిమ్ముతున్నాయి. వాళ్ళు చూస్తుండగానే పక్కన ఇంకొకటి తెరుచుకుంది. ఒక చేపపిల్ల అందులోంచి ఎగిరి మహారాజు పాదాల దగ్గర పడి కొట్టుకుంది.

ఎవరూ పాడలేదు. నలభై రోజులుగా నోట నానిన మాట అర్థం అప్పుడు, అందరికీ ఒక్కసారే తెలిసింది.

"అమ్మో, మా పిల్లలు పల్లంలో ఉన్నారు!" అని ఒక తల్లి కేక.

"పరుగెత్తకండి!" అన్నాడు కోనప్ప. "పరుగెత్తితే నీళ్ళే ముందొస్తాయి. రాయి దించండి!"

మండపం విప్పినప్పుడు పంజరాల్లోంచి బయటపడ్డ నాలుగువందల గోరువంకలూ మధుజిహ్వుడి భుజాల చుట్టూ ఎగురుతూ "క్షేమం! క్షేమం!" అంటున్నాయి. మహారాజు వాటివైపు చూశాడు, నీళ్ళవైపు చూశాడు. మరుక్షణం కిరీటం తీసి అవ్వ చేతిలో పెట్టి, ఎవరూ ఊహించని పని చేశాడు. తిన్నగా వెళ్ళి పెద్ద బొరియకు తన వీపు ఆనించి కూర్చున్నాడు. ఆ వీపు దానికి అచ్చం సరిపోయింది.

"రాయి తెండర్రా! చల్లగా ఉంది!" అని అరిచాడు. జనం భయంలోనూ పకపకా నవ్వారు. ఆ నవ్వుతో చేతులు ఆడాయి.

"హైసా!" మొదటి రాయి పడింది. "హైసా!" రెండోది. మద్దెల ఆగలేదు. ఆడవాళ్ళు కొంగుల్లో మట్టి తెచ్చారు. మంత్రులు తలపాగాలు విప్పి రాళ్ళ సందుల్లో దోపారు. యాభై, డెబ్భై, తొంభై. అరుణకేతుడు వేగం పెంచుతున్నకొద్దీ రాళ్ళు నడిచివచ్చినట్టు వచ్చాయి.

మధుజిహ్వుడు చూశాడు. పళ్ళు పటపట కొరికి, కట్ట ఎక్కి, నీలాంబుధిలోకి దూకాడు. నీళ్ళు సుడి తిరిగాయి. మాంత్రికుడు మునిగిన చోట నుంచి ఏనుగంత వాలుగచేప లేచింది. మీసాలు మోకుల్లా ఉన్నాయి. అది వెనక్కి తగ్గి, దూసుకొచ్చి, తలతో కట్టను ఢీకొట్టింది. పేర్చిన రాళ్ళలో మూడు ఊడి పడ్డాయి. పల్లంలో ఉన్న మాంత్రికుడి సొంత మామిడితోట, అందులోని పాలరాతి మేడతో సహా, ఆ మూడు రాళ్ళ సందున వచ్చిన నీళ్ళకు క్షణంలో కొట్టుకుపోయింది. ఊరంతటికీ రాసిపెట్టిన చావు ఎలా ఉండేదో అందరూ కళ్ళారా చూశారు.

"అవ్వా, తాళం నువ్వు వెయ్యి!" అని అరుణకేతుడు మద్దెల మెడనుంచి లాగి చంకన పెట్టుకుని కట్ట మీదికి పరుగెత్తాడు. వాలుగ రెండోసారి నోరు తెరుచుకుని వస్తోంది. అతడు నేరుగా ఆ నోటికెదురుగా దూకాడు! మీసం ఒకటి పట్టుకుని ఊగి, పైదవడ మీద కాలు మోపి, మద్దెలను నిలువుగా రెండు దవడల మధ్య దిగగొట్టాడు. చేప నోరు మూసుకోబోయింది. మూతపడలేదు. తల విదిల్చింది. మద్దెల లోపల "ధోం ధోం" మంది. నోటినిండా నీళ్ళు పోటెత్తి, కళ్ళు తేలేసి, మూడు పల్టీలు కొట్టి, చివరికి మధుజిహ్వుడిగా మారి, పళ్ళ మధ్య మద్దెల తోలుముక్కతో ఒడ్డున పడింది. అరుణకేతుడు ఈదుకుంటూ గట్టెక్కాడు.

అదే సమయానికి కింద నుంచి, ఊడిన రాళ్ళనూ మళ్ళీ పెట్టించిన కోనప్ప గొంతు వినబడింది: "నూటెనిమిది!"

కట్ట నిలిచింది. సూర్యుడు పడమటి కొండ వెనక్కి జారాడు. ఆ హోరు, ఆ కేరింతలు వర్ణించడం ఎవరి తరం! ముక్కూ మొహం తెలియనివాళ్ళు కావలించుకున్నారు. చివరి రాయి పెట్టేముందు బొరియలోంచి లాగిన మహారాజు వీపు మీద గుండ్రటి మచ్చ చూసి చిన్నపిల్లలు చప్పట్లు కొట్టారు.

"గడువు దాటింది!" నోట్లో తోలు ఉమ్మి మధుజిహ్వుడు లేచాడు. "పొద్దు గుంకింది. కట్ట తెగలేదు. ముసలిది అబద్ధాలకోరు! శాసనం శాసనమే! తాటాకు తెప్పించండి!"

తాటాకు తెచ్చారు. కట్ట తెగునని ఉంది. వేరే ముక్క లేదు. చప్పట్లు ఆగిపోయాయి.

తిర్సవ్వ ఆకాశం వైపు రెండు చేతులూ ఎత్తింది. "అబద్ధమైపోయిందర్రా! ప్రభువా, నన్ను అబద్ధాలకోరును చేశావు, నీకు వేనవేల స్తోత్రాలు! పదండి, ఆ బావి ఎక్కడో చూపించండి." ఆమె మొహం పెళ్ళికి వెళ్ళేదానిలా వెలిగిపోతోంది.

చీకటిబావి కట్ట పక్కనే ఉంది. దాని అంచున వేసిన పలక మీద ఆమెను నిలబెట్టారు. అప్పుడు మహారాజు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఆగండి. ఆమె 'లేదంటే' అని చెప్పింది. రాళ్ళు పెట్టకుంటే, మనుషుల్ని విడవకుంటే అని చెప్పింది. ఆ చరణం తాళానికి అందలేదని నేనే, నా అడకత్తెరతో, తాటాకు సగానికి కత్తిరించేశాను. నా నేరం ఇది. బావిలో పడవలసింది నేను."

"నువ్వెందుకయ్యా?" అంది అవ్వ కిరీటం ఆయన తలమీద వంకరగా పెట్టేస్తూ. "సున్నం ఆరాలి, కట్ట మీద మూడు దినాలు కాపలా ఉండాలి. నీ వీపుతో ఊరికి పనుంది."

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు మధుజిహ్వుడు భరించలేకపోయాడు. ఎవరూ చూడకుండా వెనకనుంచి వచ్చి, ముసలమ్మ నిలబడిన పలకను కాలితో తన్నాడు.

"అవ్వా!"

అరుణకేతుడు ఆలోచించలేదు. ఆమె వెనకే బావిలోకి దూకాడు. పైన కోనప్ప మధుజిహ్వుడి మీద పడటం, గోరువంకలు చెల్లాచెదురు కావడం ఒక్క రెప్పపాటు కనిపించి మాయమయ్యాయి. చీకటి. గాలి. ఆపైన చల్లటి నీళ్ళు. అడుగున బురద లేదు, వడి ఉంది. భూమి కింద పారే ఏరొకటి వాళ్ళిద్దర్నీ పట్టుకుని లాక్కుపోతోంది. అతడు ఒక చేత్తో ఆమెను, మరో చేత్తో కొట్టుకొచ్చిన దుంగను పట్టుకున్నాడు.

"బతికున్నావా అవ్వా?"

"నోట్లోకి నీళ్ళొస్తున్నాయి, మాట్లాడించకు. అదిగో, విను!"

రాతిలోంచి, పైనుంచి, పాట వస్తోంది. మహారాజు బావి అంచు మీద వంగి, తాను కోసేసిన ముక్కను తానే ఎత్తుకున్నాడు. తాళం తప్పింది. ఊరంతా తప్పిన తాళంలోనే అందుకుంది.

"తీసిన రాయి తిరిగి పెట్టకుంటే, మూసిన తలుపు తెరిచి విడవకుంటే..."

"రాగం చెడింది," అంది తిర్సవ్వ, నవ్వాపుకోలేక. "ఇప్పటికి మాట బాగుపడింది!"

ఏరు మలుపు తిరిగింది. పాట వెనకబడింది. ముందు చీకట్లో ఎర్రటి వెలుగు కనిపించింది. ఒకటి కాదు, రెండు. దగ్గరకు వస్తున్నకొద్దీ పెద్దవవుతున్నాయి. ఒకసారి రెండూ కలిసి ఆరి, మళ్ళీ వెలిగాయి. నీళ్ళలో ఏదో భారంగా ఊపిరి పీల్చిన చప్పుడైంది.

"అవ్వా, అవి దీపాలు కావు."

"కావని నాకూ తెలుస్తోందిలే. మద్దెల పోతే పోయింది, ఈ దుంగ ఉందిగా. వాయించు బాబూ, వాయించు!"